పిచ్చుక గూడు: తొలిచే కన్నా అతికించడమే మేలు

ప్రశ్న: 2018 తిత్లీ తుపానుకు పడిన పనస చెట్టు దుంగ షెడ్డులో ఉంది. ఆరంగుళాల లావు. దాన్ని లేతుకు (కర్రను గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం) ఎక్కించి, లోపల తొలిచి రెండు పిచ్చుక గూళ్లు చేద్దామంటే రెండూ నిలువునా నెర్రె ఇచ్చాయి. ఒకసారి ఉలి పట్టేసి ముక్క ఎగిరిపడింది కూడా. తప్పెక్కడ?
– ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: పనస మంచి కర్రే, బొబ్బిలి వీణ తయారయ్యేదీ దాంతోనే. తప్పు దవ్వది, అంటే దుంగ నట్టనడుమ ఉండే మెత్తటి భాగానిది. ఎండేటప్పుడు కర్ర చుట్టూతా ఎక్కువ, మధ్యకేసి తక్కువ కుంచించుకుంటుంది. దుంగను దుంగగానే తొలిస్తే గూటి అడుగున దవ్వ మిగిలిపోతుంది. నెర్రె పుట్టేది అక్కడే. ఇక ఉలి సంగతి. తొమ్మిదంగుళాల లోతుకు పోయేసరికి దాని మొన టూల్ రెస్టుకు, అంటే ఉలిని ఆనించే దిమ్మకు, బాగా దూరమైపోతుంది, ఎంత గట్టి చెయ్యయినా ఆపలేదు.

అందుకే తొలవకండి. పీపా కట్టినట్టు ఎనిమిది పలకలతో బోలుగానే అతికించి, బయటి వైపు మాత్రం లేతు పట్టండి. దుంగను కోయించేటప్పుడు దవ్వకు అటూ ఇటూ అంగుళం తీసేయించి, మిగతాది పలకలు చేయించండి. మధ్యన పుల్లలు పెట్టి నీడలో పేర్చండి. ఒక పలకను వారం వారం తూచండి, బరువు తగ్గడం ఆగితే ఆరినట్టే.

ఒక్కో పలక పొడవు 230, వెడల్పు 62, మందం 25 మిల్లీమీటర్లు. రెండంచులూ 22.5 డిగ్రీల వాలుకు కోయాలి. మొత్తం 16 అంచులు. ఒక్కోదానికి అర డిగ్రీ తేడా వచ్చినా అన్నీ కలిసి 8 డిగ్రీలవుతుంది, చివరి అతుకు 3 మిల్లీమీటర్లు దాటి నోరు తెరుస్తుంది. దీనికో ఉపాయం ఉంది. నాలుగేసి పలకలతో రెండు సగాలు విడిగా అతికించండి. ఆరాక చదునైన బల్ల మీద ఉప్పు కాగితం పరిచి ఆ సగాల అంచులు రుద్ది, అప్పుడు రెండూ కలపండి. జిగురు నీటికి తట్టుకునే రకమే వాడాలి. మామూలు తెల్ల జిగురు వానాకాలానికి వదిలేస్తుంది. పాత సైకిల్ ట్యూబు చీల్చి బిగుతుగా చుట్టి, 24 గంటలు కదపకండి.

రెండు కొసల్లో చెక్క బిళ్లలు దూర్చి, లేతు సెంటర్ల (రెండు వైపులా పట్టి ఉంచే మొనలు) మధ్య బిగించండి. బిళ్లలకు స్క్రూలు వద్దు, ఉలికి తగులుతాయి. నిమిషానికి 500 చుట్లతో మొదలెట్టి, గుండ్రం తేలాక 1,000కి పెంచొచ్చు. బయటి అడ్డకొలత 146 మిల్లీమీటర్లకు దిగగానే ఆపితే అతుకుల దగ్గర గోడ 19 మిల్లీమీటర్లు మిగులుతుంది. మెడలో తువ్వాలు, చేతికి గ్లౌజులు ఉండకూడదు. ముఖానికి షీల్డు తప్పదు.

లోపల నునుపు చేయకండి. రంపపు గరుకును పట్టుకునే పిచ్చుక పిల్లలు కన్నం దాకా ఎక్కివస్తాయి. కన్నం 32 మిల్లీమీటర్లు, అడుగు నుంచి 150 ఎత్తున, పలక నడిమధ్యన వేయండి. అతుకు మీద వేస్తే అక్కడే విడుతుంది. లోపల చెక్కముక్క ఆనించి వేస్తే పెచ్చు లేవదు. అడుగు బిళ్లకు 6 మిల్లీమీటర్ల నీటి కన్నాలు నాలుగు పెట్టి, మూడు ఇత్తడి స్క్రూలతో ఇప్పుడు బిగించండి. ఏటా విప్పి శుభ్రం చేసుకోవచ్చు. పైకప్పు 210 మిల్లీమీటర్ల బిళ్ల. చూరు కింద చిన్న గాడి తీస్తే వాననీరు గోడకు పాకదు.

ప్రశ్న: గూటికి జీడి పిక్కల తొక్కనూనె పూయొచ్చా? పోనీ, ఏటికొప్పాక బొమ్మల్లా లక్క పెడితే?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: రెండూ వద్దు. జీడి తొక్కనూనె ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుందని పలాసలో మీకు వేరే చెప్పాలా! లక్క ఎండకు మెత్తబడుతుంది, తడికి తెల్లబారుతుంది; ఇంట్లో బొమ్మకైతే సరే. బయటి వైపు మాత్రం అవిసె నూనె రెండు పూతలు వేసి, రెండు వారాలు ఆరనివ్వండి. నూనె గుడ్డల్ని ముద్దగా పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. విప్పి ఆరేయండి.

ప్రశ్న: 50 మిల్లీమీటర్ల కన్నం, వాలడానికి పుల్ల పెట్టాం. పిచ్చుకలకు బదులు గోరింకలు చేరాయి.
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మీరు తెరిచింది గోరింక వాకిలే! అవి పిల్లలతో వెళ్లిపోయాక, 32 మిల్లీమీటర్ల కన్నం ఉన్న రేకు బిళ్లను పాత కన్నం మీద బిగించండి. ఉడుత కూడా కొరికి పెద్దది చేయలేదు. పుల్ల పీకేయండి. పిచ్చుకకు దాంతో పనిలేదు, కాకికే ఉపయోగం. గూటిని చూరు కింద ఎనిమిది, పది అడుగుల ఎత్తున, పడమటి ఎండ కొట్టని వైపు కట్టండి.