ఊరందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలియదు

ప్రశ్న: నాకు 28 ఏళ్ళు. పెళ్ళయి మూడేళ్ళయింది, ఇప్పుడు ఐదో నెల. నాన్నగారు కిందటేడు పోయారు. సంవత్సరీకం అయ్యాక పొలం మాటలు వచ్చినప్పుడు మా బాబాయి ‘తెచ్చుకున్న పిల్లకు పొలమేంటి?’ అనేశారు. అమ్మను నిలదీస్తే ఏడ్చి, బీరువాలోంచి ఒక కోర్టు కాగితం తీసి చూపించింది. 1997లో హైదరాబాద్‌లోని ఒక అనాథ శిశువుల సంస్థ నుంచి, మూడు నెలల పిల్లగా నన్ను తెచ్చుకున్నారట. మా ఊళ్ళో సగం మందికి ఈ సంగతి తెలుసు. అమ్మానాన్నలు నన్ను ప్రాణంగా పెంచారు, ఏనాడూ తక్కువ చెయ్యలేదు. అయినా కన్నతల్లి ఎవరో తెలుసుకోవాలని ఉంది. ఆ మాట ఎత్తితే అమ్మ అన్నం మానేస్తోంది. మావారేమో ‘అంత బాగా పెంచారు, ఇంకేం కావాలి? మా అమ్మావాళ్ళకు మాత్రం తెలియనివ్వకు’ అంటున్నారు. స్నేహితురాలికి చెప్పుకుంటే ‘నువ్వెంత అదృష్టవంతురాలివే’ అంది. మొన్న ఆస్పత్రిలో ‘మీ పుట్టింట్లో షుగరు ఉందా?’ అని డాక్టరు అడిగితే, నాన్నకు ఉందని చెప్పి బయటికొచ్చి ఏడ్చాను. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. నా బాధ ఎవరికి చెప్పుకోవాలి? నేను కృతజ్ఞత లేనిదాన్నా?
— పేరు రాయవద్దు, గుంటూరు జిల్లా

జవాబు: మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. కాదు, మీరు కృతజ్ఞత లేనివారు కాదు. అసలు ఆ లెక్కలోకి మీరు దిగాల్సిన పనే లేదు. కడుపున పుట్టిన పిల్లలు మా ముత్తాతది ఏ ఊరు, ఇక్కడికి ఎందుకొచ్చారు అని ఆరా తీస్తే ముచ్చట పడతాం. పెంచుకున్న పిల్ల అదే ఆరా తీస్తే నీకేం తక్కువ చేశామని అడుగుతాం. మీ అమ్మానాన్నలు ఎవరికో ఉపకారం చేద్దామని హైదరాబాద్ వెళ్ళలేదు. వాళ్ళకు బిడ్డ కావాలి కాబట్టి వెళ్ళారు. మీరు వచ్చాక వాళ్ళిల్లు ఇల్లయింది. ఇందులో మీరు జన్మంతా తీర్చాల్సిన బాకీ ఏమీ లేదు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరం మళ్ళీ చదివితే నాకు అర్థమైంది ఏమిటంటే, మిమ్మల్ని ఎక్కువగా కోస్తున్నది దత్తత కాదు, దాన్ని దాచిపెట్టడం. 28 ఏళ్ళు మీ చుట్టూ ఉన్నవాళ్ళు మీ గురించి మీకు తెలియనిది తెలుసుకుని, ఏమీ ఎరగనట్టు మాట్లాడారు. చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో ఎవరో మీ ముఖం చూసి గుసగుసలాడుకోవడం, మీరు రాగానే మాట మార్చేయడం, ఇంట్లో మీ పురిటినాటి ఫోటో ఒక్కటీ లేకపోవడం. అప్పుడు పట్టించుకోనివన్నీ ఇప్పుడు రాత్రిపూట వరసగా గుర్తొస్తుంటాయి. పెద్దయ్యాక ఈ నిజం తెలిసినవాళ్ళు చాలామంది చెప్పేది ఇదే: పుట్టుక గురించిన బాధ కన్నా, ‘అందరూ కలిసి నన్ను మోసం చేశారు’ అన్న కోపం ముందొస్తుంది. ఆ కోపానికి కారణం ఉంది. దాన్ని ‘అంత ప్రేమగా పెంచినవాళ్ళ మీద కోపమా’ అని అణచుకోకండి. అమ్మ మీద ప్రేమ, అమ్మ మీద కోపం ఒకే పూట ఉండొచ్చు.

మీ అమ్మానాన్నల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో దత్తత తీసుకున్నవాళ్ళకు పెద్దవాళ్ళు ఇచ్చిన సలహా అదే, చెప్పకండి, చెబితే పిల్ల దూరమవుతుందని. కొందరు ఊరే మారేవారు. కొందరు నెలల తరబడి పుట్టింట్లో ఉండి, అక్కడే కాన్పు అయినట్టు బిడ్డనెత్తుకుని తిరిగొచ్చేవారు. గొడ్రాలు అన్న మాట పడలేక చేసిన పనులవి. ఇప్పుడు దత్తతకు వచ్చే దంపతులకు మాటలు రాకముందు నుంచే బిడ్డకు కథలా చెప్పమని సలహా ఇస్తున్నారు. అది మీకు అందలేదు. మీ అమ్మగారు చేసింది సరైనదని నేను అనడం లేదు. భయంతో చేసిందని మాత్రమే అంటున్నాను.

మన ఇళ్ళల్లో పిల్లల్ని ఇచ్చిపుచ్చుకోవడం కొత్తేమీ కాదు కూడా. అన్నకు ముగ్గురు ఆడపిల్లలుంటే ఒకరిని పిల్లల్లేని చెల్లెలి ఒళ్ళో పెట్టిన ఇళ్ళు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తాయి. అత్తయ్య అనుకున్న మనిషే కన్నతల్లి అని తెలిసినవాళ్ళు ప్రతి పండక్కీ ఆమెకు ఎదురుపడాలి, నవ్వాలి. వాళ్ళ బాధ మీకన్నా తక్కువని చెప్పలేను.

ఎవరికి చెప్పుకోవాలి అన్నారు. మీవారు, స్నేహితురాలు ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు. మీ కన్నీళ్ళు చూడలేక, త్వరగా తుడిచెయ్యాలని తొందరపడ్డారు. అదృష్టవంతురాలివి అనగానే మీ నోరు మూతపడింది. ఆ మాట తర్వాత మీరేమన్నా ఫిర్యాదులాగే వినిపిస్తుంది కదా. కాబట్టి ఈసారి మీవారితో మాట్లాడేటప్పుడు ముందే చెప్పండి: ‘నువ్వేమీ సర్దిచెప్పొద్దు. నేను చెప్పేది అయ్యేదాకా విను. తర్వాత కావాలంటే టీ పెట్టు.’ చాలామంది మగవాళ్ళకు బాధ వింటే పరిష్కారం చెప్పకపోతే తప్పు చేసినట్టుంటుంది. వినడమే పని అని చెబితే ఊపిరి పీల్చుకుని వింటారు.

అత్తగారింట్లో తెలియనివ్వకు అన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. ఆయన భయం ఏమిటో ఊహించగలను: మీ కులమేమిటి, గోత్రమేమిటి అన్న ప్రశ్న వస్తుందని. దత్తతతోనే మీరు పెంచిన తండ్రి ఇంటి బిడ్డ అయిపోయారు. చట్టం అదే చెబుతుంది, సంప్రదాయమూ అదే చెబుతుంది. అయినా మీ అత్తమామలకు చెప్పాలా, ఎప్పుడు చెప్పాలి అన్నది మీరు తేల్చుకోవలసిన విషయం. అది మీ కథ. శ్రీమంతం అయ్యేదాకా ఆగుదామని మీకే అనిపిస్తే ఆగండి. ఆయన భయపడుతున్నారు కాబట్టి ఆగకండి. ఒక రహస్యం వల్ల ఇంత నలిగిపోయిన మనిషి ఇంకో రహస్యాన్ని మోయడం ఎంత కష్టమో ఆయనకు ఆ మాటల్లోనే చెప్పండి.

ఇంట్లోవాళ్ళు ఎంత బాగా విన్నా, ఇదే దారిలో నడిచినవాళ్ళు వింటే వేరు. హైదరాబాద్ నుంచీ, మన దేశంలోని వేరే ఊళ్ళ నుంచీ స్వీడన్, నెదర్లాండ్స్, అమెరికా వంటి దేశాలకు దత్తత వెళ్ళినవారు పెద్దవాళ్ళయ్యాక ఒకరినొకరు వెతుక్కుని బృందాలుగా కలిశారు. కొందరు కన్నవాళ్ళ కోసం ఇక్కడికి వచ్చి వెళ్ళారు కూడా. వాళ్ళ రంగు చూస్తేనే దత్తత అని తెలిసిపోతుంది కాబట్టి దాచడానికి వీల్లేకపోయింది, మాట్లాడుకోవడం అలవాటయింది. ఇక్కడే పెరిగినవాళ్ళు చాలా వరకు నోరు విప్పరు. అయినా పెద్దయిన దత్తత పిల్లలు ఆన్‌లైన్‌లో కలిసి మాట్లాడుకునే చోట్లు ఉన్నాయి. ముందు ఊరికే వినండి. మీ పేరు, ఊరు, కోర్టు కాగితం ఫోటో మొదటిరోజే ఎక్కడా పెట్టకండి. కన్నతల్లిని వెతికిపెడతామని డబ్బు అడిగేవారి జోలికి అసలే వెళ్ళకండి.

కౌన్సెలర్ దగ్గరకు వెళ్ళేటట్టయితే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి, దత్తత పిల్లలు పెద్దయ్యాక పడే ఇబ్బందుల మీద వారికి అనుభవం ఉందా అని. మొదటిరోజే ‘పెంచిన ప్రేమే గొప్పది’ అని ఉపన్యాసం మొదలుపెడితే రెండోసారి వెళ్ళకండి. నిద్ర లేకపోవడం రెండు వారాలు దాటితే, లేదా బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, 14416కు ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. మీ గైనకాలజిస్టుకూ చెప్పండి. కడుపుతో ఉన్నప్పుడూ, కాన్పు తర్వాతా మనసు కుంగడాన్ని వాళ్ళు తేలిగ్గా తీసుకోరు.

అమ్మగారి సంగతి. ఆవిడ అన్నం మానేయడాన్ని బెదిరింపు అనుకోకండి, అలాగని దానికి లొంగి ప్రశ్నలు మింగేయనూ వద్దు. భర్త పోయి ఏడాది దాటిందో లేదో. ఇప్పుడు కూతురు కూడా ఇంకో అమ్మ దగ్గరకు వెళ్ళిపోతుందని ఆవిడ భయం. కాబట్టి ‘నా కన్నతల్లి ఎవరు?’ అని మొదలుపెట్టకండి. ‘నన్ను మొదటిసారి ఎత్తుకున్న రోజు చెప్పమ్మా’ అని అడగండి. ఏ బస్సులో వెళ్ళారు, ఏ గుడ్డల్లో చుట్టి ఇచ్చారు, దారిలో ఏడ్చానా, పాలు ఏం పట్టారు. ఆ రోజు ఆవిడకు పురిటిరోజే. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేకపోయిన రోజు అది. అది చెప్పడం మొదలుపెడితే మీకు కావలసినవి కూడా మధ్యలో వస్తాయి: సంస్థ పేరు, అక్కడి ఆయా ఏమంది, ఎవరైనా ఏమైనా చెప్పారా. ఆ మూడు నెలల్లో మిమ్మల్ని చూసినవాళ్ళ గురించి ఇప్పుడు ఆవిడకు తప్ప ఎవరికీ తెలియకపోవచ్చు.

ఇప్పుడు వెతకడం గురించి. దత్తత వ్యవహారాలకు కేంద్రంలో ‘కారా’ అనే సంస్థ ఉంది, 1990లో ఏర్పడింది. 2022 దత్తత నియమావళిలో ‘రూట్ సెర్చ్’ (మూలాలు వెతుక్కోవడం) అని ఒక అంశమే ఉంది. 18 ఏళ్ళు నిండినవారు ఎవరి తోడూ అవసరం లేకుండా కారాకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. అమ్మగారి సంతకం అక్కర్లేదు. మీ తరఫున వేరేవాళ్ళు వెతకడానికి మాత్రం నియమాలు ఒప్పుకోవు. కన్నతల్లి మిమ్మల్ని అప్పగించే రోజున ‘నా వివరాలు చెప్పవద్దు’ అని కోరి ఉంటే, ఆమె సమ్మతి అడుగుతారు. ఆమె వద్దంటే పేరు ఇవ్వరు, ఆమె గోప్యతకూ హక్కుంది. ఆమె ఒప్పుకోకపోయినా, దొరకకపోయినా, మిమ్మల్ని ఏ పరిస్థితుల్లో, ఏ కారణంతో అప్పగించారో మాత్రం మీకు చెప్పాలి.

దానికన్నా ముందు మీ చేతిలో ఉన్న కాగితం జాగ్రత్తగా చదవండి. అందులో ఓ.పి. నంబరు, అంటే ఆ కేసు నంబరు, ఉంటుంది. దానితో ఆ కోర్టులో ఫైలు నకలుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ముఖ్యంగా చూడాల్సింది, మిమ్మల్ని ఎవరైనా సంతకం పెట్టి అప్పగించారా, లేక ఎక్కడో దొరికిన బిడ్డ అని రాశారా అన్నది. దొరికిన బిడ్డ అయితే, ఫలానా చోట, ఫలానా తేదీన అన్నంత వరకే తెలియవచ్చు. అంతకు మించి ఏ ఫైల్లోనూ ఉండదు. దీనికి ముందే సిద్ధపడండి. డీఎన్ఏ పరీక్షలతో విదేశాల్లో బంధువులు దొరికినవారున్నారు కానీ, ఆ కంపెనీల దగ్గర నమూనాలు ఇచ్చిన మన పల్లెల జనం చాలా తక్కువ.

ఇంకో సంగతి చెప్పక తప్పదు. 1999లోనూ, 2001లోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద గొడవ బయటపడింది. తెలంగాణ తండాల్లో పేద తల్లులకు కొద్దిపాటి డబ్బిచ్చి ఆడపిల్లల్ని తెచ్చి, కాగితాలు తయారుచేసి దత్తతలకు పంపారని తేలి, కొన్ని సంస్థలు మూతపడ్డాయి. మీ దత్తత అలాంటిదని నేను అనడం లేదు, అలా అనడానికి నా దగ్గర ఏమీ లేదు. కాగితం మీద ‘తల్లి ఇష్టపూర్వకంగా ఇచ్చింది’ అని ఉన్నంత మాత్రాన అదే మొత్తం కథ అనుకోవద్దని మాత్రం చెబుతున్నాను. మూడో ఆడపిల్ల, పెళ్ళి కాకుండా వచ్చిన గర్భం, తిండికి లేని ఇల్లు, పక్కన నిలబడి సంతకం పెట్టించినవాళ్ళు, ఏదైనా కావచ్చు. ‘నన్ను వద్దనుకుంది’ అని ఇప్పుడే తీర్పు రాసేసుకోకండి.

నా సలహా ఏమిటంటే, కాన్పు అయ్యేదాకా కాగితాల వరకే వెళ్ళండి. నకలు తీసుకోండి, అమ్మ చెప్పింది రాసిపెట్టుకోండి, దరఖాస్తు సిద్ధం చేసుకోండి. మనుషుల దాకా వెళ్ళడం బిడ్డ పుట్టి, మీరు కోలుకున్నాక. పురుటి నెలల్లో ‘ఆమె కలవడానికి ఇష్టపడలేదు’ అన్న కబురు వస్తే దాన్ని మోయడం కష్టం. ఆమె దొరికితే నేరుగా ఇంటికి వెళ్ళిపోకండి. ఆమె ఇంట్లో భర్తకు, పిల్లలకు మీ సంగతి తెలియకపోవచ్చు. ఉత్తరం రాసి, అధికారుల ద్వారానే పంపండి. ఇంకా ఒక మాట. ఆమె దొరికినంత మాత్రాన, మీ ఇంట్లో మిమ్మల్ని అర్థం చేసుకోలేదన్న బాధ పోదు. ఆ పని మీవారితో, అమ్మతోనే జరగాలి. రెండూ కలిపేసుకుంటే ఆమె మీద మోయలేనంత ఆశ పెట్టుకుంటారు.

డాక్టరు దగ్గర నాన్న షుగరు చెప్పానన్నారు. ఈసారి వెళ్ళినప్పుడు ‘నేను దత్తత బిడ్డను, కుటుంబ చరిత్ర తెలియదు’ అని చెప్పండి. వాళ్ళకు తప్పు సమాధానం కన్నా ‘తెలియదు’ అన్నదే పనికొస్తుంది. షుగరు పరీక్ష 24 నుంచి 28 వారాల మధ్య ఎలాగూ అందరికీ చేస్తారు. తలసీమియా, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బుల కోసం హిమోగ్లోబిన్ పరీక్ష చేశారా అని అడగండి. చెయ్యకపోతే చేయించండి, అది ఒక్క రక్త పరీక్ష. అందులో ఏదైనా తేలితేనే మీవారికీ చేస్తారు.

బిడ్డ పుట్టగానే చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ‘ఎవరి పోలిక?’ అంటారు, ముక్కు నాన్నది, నుదురు నాయనమ్మది అని పంచుకుంటారు. ఆ రోజు మీకు ఏడుపు రావచ్చు. మీరు కళ్ళారా చూసే మొదటి రక్తసంబంధం మీ బిడ్డే. దత్తత వచ్చిన తల్లులు చాలామంది ఈ సంగతి చెబుతారు. ఆ ఏడుపును బాలింత నీరసం అని కొట్టిపారేయకుండా, మీవారికి ముందే చెప్పి ఉంచండి.

బాబాయి మాటకు జవాబు లాయరు ఇస్తారు, మీరు కాదు. కోర్టు అనుమతి 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద ఇచ్చిందయితే, దత్తత రోజు నుంచి మీరు అన్ని విధాలా ఆ ఇంటి కూతురే, దాన్ని ఎవరూ రద్దు చెయ్యలేరు. నాన్నగారు వీలునామా రాయకపోతే ఆయన స్వార్జితంలో అమ్మకూ మీకూ సమాన వాటా, నాయనమ్మ ఉంటే ఆవిడకూ. రిజిస్టరైన దత్తత పత్రం కూడా ఉంటే, అది చెల్లదన్నవాళ్ళే రుజువు చేసుకోవాలి. కాగితం మీద 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం అని ఉంటే మాత్రం అది సంరక్షకత్వం మాత్రమే. అప్పుడు విడిగా దత్తత జరిగిందా అన్నది లాయరు చూడాలి, అమ్మగారి చేత ఆవిడ వాటాకు వీలునామా రాయించడమూ మంచిది. ఏదైనా సరే, ఆ పొలం మాటలకు ఈ నాలుగైదు నెలలు మీరు వెళ్ళకండి, మీవారిని, లాయరును పంపండి.