మళ్లీ నెల ఏ తారీకుకొస్తావు?

అల్లుడూ,

చీటీ గ్రూపు డబ్బు ఆప్షన్లలో, అదే షేర్ల ధర మీద పందెంలాంటి ఆ బేరంలో, పోగొట్టి హైదరాబాదు పారిపోయాక నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. ఏడుపు ఎక్కువ, లెక్క తక్కువ. "ఏ మొహం పెట్టుకుని ఊళ్లోకి రాను మావయ్యా" అని నాలుగుసార్లు అన్నావు గానీ, ఎవరికి ఎంత ఇవ్వాలో ఒక్కసారీ చెప్పలేదు. ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను ఓదారుస్తాను, పని అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఈ ఉత్తరం.

మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. 1996లో నేనూ నీలాగే రాత్రికి రాత్రి పారిపోయినవాణ్ణే. అప్పట్లో కాశీబుగ్గలో నాకు జీడి పిక్కల బేరం ఉండేది. దానితోపాటు ఇరవై మందితో నెలకు వెయ్యి రూపాయల చీటీ నడిపేవాణ్ణి. వేసవిలో పిక్కలు చవగ్గా కొని, దసరా దీపావళికి ధర లేచాక అమ్మితే లాభం. ఆ ఏడు చేతిలో డబ్బు చాలలేదు. చీటీ డబ్బు తీసి పిక్కల్లో పెట్టాను. ధర లేవకపోగా పడింది. పద్నాలుగో పాట పాడుకున్న మనిషికి ఇవ్వడానికి నా దగ్గర పైసా లేదు. "వచ్చే వారం సర్దేస్తాను" అని రెండు వారాలు తిప్పి, మూడో వారం మద్రాసు రైలెక్కేశాను. నేను లేకపోయేసరికి ముందే పాడుకున్నవాళ్లు కట్టడం మానేశారు. వాళ్లదీ తప్పే. కానీ పుస్తకం నాది.

మద్రాసులో ఒక మేస్త్రీ దగ్గర కూలీల హాజరు రాస్తూ రెండేళ్లు ఉన్నాను. పారిపోయిన రాత్రే నేను చేసిన తప్పని చాలాకాలం అనుకున్నాను. నిజానికి తప్పు అంతకు ఆర్నెల్ల ముందే జరిగిపోయింది, ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం రేకు పెట్టెలోంచి చీటీ డబ్బు తీసి పిక్కల బేరానికి ఇచ్చినప్పుడు. ఆ రోజు నాకు భయం వేయలేదు. చాలా తెలివైన పని చేశాననిపించింది. ఆ సంతోషంలో హోటల్లో గారెలు ఒక ప్లేటు ఎక్కువే తిన్నాను.

నీకూ అలాంటి రోజు ఒకటుంటుంది. అది ఏదో వెతుకు. నష్టం వచ్చిన రోజు దొరికిపోయిన రోజే కాబట్టి అందరికీ గుర్తుంటుంది. చీటీ గ్రూపు డబ్బు నీ సొంత ఖాతాలో పడుతుంటే, అందులోంచి మొదటిసారి ఆప్షన్లలో పెట్టిన రోజు ఏది? ఆ రోజు ఎంత లాభం వచ్చింది? వచ్చే ఉంటుంది, లేకపోతే రెండోసారి పెట్టవు.

ఇక నీ మెసేజ్ చివర అన్నావే, "ఇంకొక్క ఛాన్సు దొరికితే అందులోనే సంపాదించి అందరివీ తీర్చేస్తాను" అని. అది విన్నాకే నాకు అసలు టెన్షన్ మొదలైంది. ఆ బేరంలో మామూలు జనం పదిమందికి తొమ్మిదిమంది పోగొట్టుకుంటున్నారని షేర్ మార్కెట్‌ను అదుపుచేసే సెబీయే 2024లో లెక్క తేల్చింది. ఆ యాప్ తీసెయ్. తీసేశానని నాకు చెప్పక్కర్లేదు, మీ ఆవిడకు ఫోన్ ఇచ్చి చూపించు.

నేను 1998లో తిరిగొచ్చాను. పలాస స్టేషన్లో దిగి నేరుగా ఇంటికి పోలేదు, పోతే మళ్లీ బయటికి రానని తెలుసు. ఇంకా చీటీ డబ్బు అందని ఏడుగురికి మనిషికి పదకొండు వేలు, మొత్తం 77 వేలు తేలింది. ముందుగా జీడి కర్మాగారంలో పిక్కలు కొట్టే ఒక అవ్వ ఇంటికి వెళ్లాను. కూతురి పెళ్లికని చీటీ కట్టిన మనిషి. దారంతా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. గుమ్మంలో నిలబడి మొదలుపెట్టేలోపే ఆమె చెయ్యి చాపింది. జీడి సొనకు వేళ్లు గోళ్లదాకా నల్లబడి ఉన్నాయి. జేబులోంచి వంద తీసి ఇచ్చాను. నోటును వెలుతురుకేసి చూసి, మడిచి, కొంగున ముడేసింది. "మళ్లీ నెల ఏ తారీకుకొస్తావు బాబూ?" అని అడిగింది. అంతే. తిట్టలేదు, కూర్చోమనలేదు. నా క్షమాపణంతా నోట్లోనే ఉండిపోయింది. అయిదో తారీకు అన్నాను.

నువ్వు క్షమాపణ చెప్పడానికి వద్దామనుకుంటున్నావు. చెప్పు, వద్దనను. కానీ ముందు తారీకు చెప్పు. చేతిలో ఎంతో కొంత పెట్టుకుని చెప్పు.

మొదట్లో నేను నెలకు ఏడొందలు తీసి ఏడుగురికీ తలా వంద పంచేవాణ్ణి. న్యాయంగా ఉన్నాననుకున్నాను. నాలుగో నెల ఆ అవ్వే అంది, "వందేసి రూపాయలు ఏటొస్తాయి? నెలకొకరికి ఏడొందలూ ఇచ్చీ, చీటీలాగా." మిగతావాళ్లూ సరేనన్నారు. నేను ముంచిన చీటీని నాకు అప్పిచ్చినవాళ్లే మళ్లీ కట్టారన్నమాట. మొత్తం 110 వాయిదాలు, అంటే తొమ్మిదేళ్ల పైమాటే. మధ్యలో ఒక ఆషాఢంలో వానలని వంక చెప్పి ఎగ్గొట్టాను. నిజానికి ఆ డబ్బుతో ఇంట్లోకి మిక్సీ కొన్నాను. రెండ్రోజుల్లో అందరికీ తెలిసిపోయింది. పోగొట్టుకున్న నమ్మకం నాలుగేళ్లలో కొంచెం వెనక్కి వస్తే, ఆ మిక్సీ దాన్ని మళ్లీ మొదటికి తెచ్చింది.

ఏడుగురిలో ఒకాయన ఆఖరి రూపాయి తీసుకున్నాక కూడా నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడడు. కోసంగిపురం జంక్షన్లో ఎదురుపడితే పక్కకు చూస్తాడు. అది ఆయన హక్కు. బాకీ తీర్చినంత మాత్రాన ఆయన నవ్వాలని లేదు కదా.

ఎవరి డబ్బు ముందు ఇవ్వాలంటే, పెద్దగా అరిచేవాడిది మాత్రం కాదు. నీ చీటీలో మన ఉద్దానం మనిషి ఒకాయన భార్యకు డయాలసిస్ నడుస్తోంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023లో వచ్చింది, అక్కడ డబ్బు కట్టక్కర్లేదు నిజమే. కానీ వారానికి రెండు మూడుసార్లు ఆటో, తోడు వెళ్లినవాడికి ఆ రోజు కూలి పోవడం, ఇవెవరిస్తారు? ఆయన నీ మీద ఒక్క మాట కూడా అనలేదట. ఆయన దగ్గరే మొదలుపెట్టు.

ఇక నువ్వు రాసిచ్చిన ప్రామిసరీ నోట్ల సంగతి. నీ స్నేహితుడెవడో మూడేళ్లు హైదరాబాదులో ఓపిక పడితే నోట్లకు కాలదోషం పడుతుందని, ఇక కోర్టులో వసూలు చేయలేరని చెప్పాడట. చట్టం ప్రకారం వాడు చెప్పింది అబద్ధం కాదు. అందుకే నువ్వు దానికి ఎదురు వెళ్లాలి. ఎవరికి ఎంత కట్టినా నోటు వెనక చెల్లు వేసి, తారీకు రాసి, సంతకం పెట్టు. గడువు లోపల వేసిన చెల్లుతో ఆ మూడేళ్లు మళ్లీ మొదటినుంచి లెక్కవుతాయి. అప్పిచ్చినవాడికి అంతకంటే ధైర్యం నువ్వివ్వలేవు. రిజిస్టర్ చేయని చీటీ నడపడమే నేరం కాబట్టి, ఎవరైనా కేసు పెట్టి ఉంటే ముందు ఒక వకీలును కలువు. రాజీకి వచ్చేవాళ్లుంటే లోక్ అదాలత్ ఉంది, కోర్టు ఫీజు ఉండదు.

మా అక్క నీ పేరున అరసవల్లిలో సూర్యనమస్కారాల పూజ చేయిస్తానంటోంది. కొన్నాళ్లు ఆగమన్నాను. సూర్యనారాయణమూర్తికి మనం చీటీ బాకీ లేము.

ఆదివారం లోపల కాగితం మీద పేర్లు, ఎదురుగా అంకెలు రాసి ఫొటో తీసి పంపు. కొట్టివేతలున్నా పర్వాలేదు. తర్వాత రైలెక్కు. టికెట్ డబ్బు నేను పంపను, స్టేషన్‌కు మాత్రం వస్తాను. ఆ డయాలసిస్ ఇంటి గుమ్మం దాకా నీతో నడుస్తాను. లోపలికి నువ్వే వెళ్లాలి. నేను బయట చెట్టు కింద బండి మీద కూర్చుంటాను, ఎంతసేపైనా.

మీ చిన్న మావయ్య