అప్రైజల్ తక్కువ వచ్చింది, లైసెన్స్ బోర్డుకు ఫిర్యాదు చేయాలా?

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో 2017లో కట్టిన ఇల్లు 6,10,000 డాలర్లకు కొనడానికి కాంట్రాక్టు రాసుకున్నాం. ఇరవై శాతం డౌన్ పేమెంట్. లెండర్ (లోన్ ఇచ్చే సంస్థ) పంపిన అప్రైజర్, అంటే ఇంటి విలువ కట్టే ఆయన, విలువ 5,75,000 అని తేల్చాడు. బిల్డర్ ప్లాన్‌లో 3,050 చదరపు అడుగులుంటే రిపోర్టులో 2,790 ఉంది. పక్క వీధిలో ఈమధ్యే అమ్ముడైన ఇల్లు వదిలేసి దూరపు ఇళ్లతో పోల్చాడు. కౌంటీ లెక్కలోనే ఇంటి విలువ 6,20,000. ఫోన్ చేస్తే మాట్లాడనన్నాడు. అప్రైజర్లకు లైసెన్సులిచ్చే స్టేట్ బోర్డుకు ఫిర్యాదు చేస్తానంటే లైసెన్స్ పోతుందని భయపడి సరిచేస్తాడని ఫ్రెండ్స్ అంటున్నారు. క్లోజింగ్‌కు (డబ్బు కట్టి ఇల్లు మా పేరు మీదికి వచ్చే రోజుకు) 18 రోజులే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?

జవాబు: బెదిరించే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. బోర్డు ఆ అప్రైజర్ మీద చర్య తీసుకోగలదు గానీ మీ ఇంటి విలువను ఒక్క డాలర్ కూడా మార్చలేదు. ఈ 18 రోజుల్లో మీ పని జరగాల్సింది లెండర్ దగ్గర.

అసలు ఈ లైసెన్సులు ఎందుకొచ్చాయో తెలిస్తే ఆయన ఎందుకు మాట్లాడనన్నాడో అర్థమవుతుంది. 1980లలో అమెరికాలో జనం డిపాజిట్లతో ఇళ్ల అప్పులిచ్చే సేవింగ్స్ అండ్ లోన్ సంస్థలు వరసపెట్టి మూతపడ్డాయి. ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది మన టెక్సస్‌కే. అప్పు ఇవ్వడం కోసం లేని విలువను ఉన్నట్టు రాసిచ్చిన అప్రైజళ్లు దానికి ఒక కారణం. అందుకే 1989లో ఫిర్రియా అనే ఫెడరల్ చట్టం వచ్చింది. దాని ప్రకారం లైసెన్సులు ఇచ్చేది రాష్ట్రాలు. టెక్సస్‌లో ఆ పని టెక్సస్ అప్రైజర్ లైసెన్సింగ్ అండ్ సర్టిఫికేషన్ బోర్డుది. లైసెన్స్ ఉన్నవాళ్లందరూ యూస్‌పాప్ అనే వృత్తి ప్రమాణాలు పాటించాలి. ఫీజు మీ జేబులోంచే పోయినా ఆయన క్లయింట్ లెండరే. క్లయింట్ అనుమతి లేకుండా రిపోర్టు గురించి మీతో చర్చించకూడదు. మాట్లాడకపోవడం పొగరు కాదు, రూల్.

రిపోర్టులో సంతకం ఉన్న పేజీ తీయండి. అక్కడ ఆయన సర్టిఫికేట్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. బోర్డు వెబ్‌సైట్‌లో చూస్తే లైసెన్స్ అమల్లో ఉందో లేదో రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

కౌంటీ విలువను మాత్రం పక్కన పెట్టేయండి. అది ఆస్తి పన్ను కోసం జనవరి 1 నాటికి వేల ఇళ్లకు కలిపి కట్టే లెక్క. ఆ లెక్క కట్టేవాళ్లు ఈ బోర్డు కిందికి కూడా రారు, వాళ్లను చూసేది వేరే రాష్ట్ర శాఖ. లెండర్‌కు రాసే ఉత్తరంలో ఆ అంకె పెడితే ఉన్న బలం కూడా తగ్గుతుంది.

చదరపు అడుగుల తేడా అసలైన పాయింటు కావచ్చు, కాకపోనూ వచ్చు. రిపోర్టులో అప్రైజర్ గీసిన స్కెచ్ ఉంటుంది. దాన్ని బిల్డర్ ప్లాన్‌తో గది గదీ పోల్చి చూడండి. మేడ మీద నుంచి కింది హాలు కనిపించే ఖాళీ భాగాన్ని అప్రైజర్ లెక్కలోకి తీసుకోడు, గరాజ్‌ను కూడా కలపడు. తేడా అక్కడే ఉంటే తప్పు ఆయనది కాదు. అలా కాకుండా మీడియా రూమో గేమ్ రూమో స్కెచ్‌లోనే లేకపోతే అది గట్టి ఆధారం.

పోల్చిన ఇళ్ల విషయంలో మీ రియల్టర్ సాయం కావాలి. టెక్సస్‌లో ఇల్లు ఎంతకు అమ్ముడైందో పబ్లిక్ రికార్డుల్లో రాయాలన్న నియమం లేదు. ఆన్‌లైన్‌లో కనిపించే అంచనాలు పనికిరావు. ఎంఎల్ఎస్ (రియల్టర్లు వాడే ఇళ్ల అమ్మకాల డేటాబేస్) లోంచి అమ్మిన తేదీ, ధర, సైజు ఉన్న మూడు నాలుగు ఇళ్లు తీయించండి. మీ కాంట్రాక్టు తేదీకి దగ్గరగా అమ్ముడైనవై ఉండాలి.

ఇవన్నీ పెట్టి 'రీకన్సిడరేషన్ ఆఫ్ వాల్యూ', అంటే విలువను మళ్లీ పరిశీలించడం, కావాలని లెండర్‌కు రాయండి. సాధారణంగా ఒక్కసారే అవకాశం ఇస్తారు కాబట్టి తొందరపడి సగం సగం పంపొద్దు. రాసే పద్ధతి ముఖ్యం. "స్కెచ్‌లో మేడ మీది గది లేదు, దయచేసి సరిచూడండి, పక్క వీధిలోని ఈ అమ్మకాన్ని ఎందుకు తీసుకోలేదో వివరించండి" అని అడగొచ్చు. తప్పు దిద్దమనడం, వివరణ అడగడం, కొత్త సమాచారం ఇవ్వడం చట్టం ఒప్పుకుంటుంది. "6,10,000 రావాలి" అని మీరు గానీ రియల్టర్ గానీ రాస్తే అది అప్రైజర్ మీద ఒత్తిడి కిందికి వస్తుంది. ఫిర్యాదు బెదిరింపూ అంతే.

సొంతంగా ఇంకో అప్రైజర్‌ను పెట్టుకుంటే? పెట్టుకోవచ్చు గానీ మీరు చేయించిన అప్రైజల్ మీద ఈ లెండర్ అప్పు ఇవ్వకూడదు. ఆ డబ్బు దాచుకోండి.

విలువ మారకపోతే లెక్క ఇలా ఉంటుంది. ధర, అప్రైజల్ రెండింటిలో తక్కువదాని మీదే లోన్. 5,75,000లో 80 శాతం అంటే 4,60,000. మీరు అనుకున్నది 4,88,000. అంటే చేతినుంచి ఇంకో 28,000 పెట్టాలి. లేదా లోన్ దాదాపు 85 శాతం అయి ప్రైవేట్ మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ (లోన్ తీరకపోతే లెండర్‌కు రక్షణగా మీరు కట్టే బీమా) పడుతుంది. ఈ అంకెలు చూపించి అమ్మేవాళ్లతో ధర మాట్లాడండి. వాళ్లకు వచ్చే తర్వాతి కొనుగోలుదారుకూ ఇదే సమస్య ఎదురు కావచ్చు.

బోర్డుకు ఫిర్యాదు ఎప్పుడు చేయాలి? ఇంట్లోకి రాకుండానే వచ్చినట్టు రాసినా, ఉన్న గది లేదని రాసి అడిగినా దిద్దకపోయినా, ఎవరి చెప్పుచేతల్లోనో విలువ వేసినా తప్పకుండా చేయండి. హెచ్చరిక, అదనపు చదువు, జరిమానా మొదలుకొని లైసెన్స్ రద్దు దాకా అధికారం వాళ్లకుంది. ఆయన తన ఫైలును కనీసం 5 ఏళ్లు దాచాలి కాబట్టి ఇవాళే పరుగెత్తక్కర్లేదు. క్లోజింగ్ అయ్యాక నింపాదిగా చేయొచ్చు.

తొందరంతా కాంట్రాక్టు తేదీలతోనే. మీ కాంట్రాక్టుకు జత చేసిన థర్డ్ పార్టీ ఫైనాన్సింగ్ అడెండమ్ (లోన్ షరతులున్న అనుబంధ పత్రం) ఇవాళ రాత్రే చదవండి. అప్రైజల్ కారణంగా ఆ ఇంటి మీద లోన్ ఇవ్వలేమని లెండర్ కాగితం ఇస్తే, క్లోజింగ్‌కు 3 రోజుల ముందులోగా ఆ కాగితంతో సహా నోటీసు ఇచ్చి తప్పుకునే హక్కు అందులో ఉంటుంది. విలువ తగ్గినా లెండర్ లోన్ ఇస్తానంటే మాత్రం ఆ హక్కు వర్తించకపోవచ్చు. అప్పుడు లెండర్ అప్రైజల్ గురించి విడిగా ఇంకో అడెండమ్ మీద సంతకం చేశారా, అందులో ఏ గడిలో టిక్ పెట్టారు అన్నదాని మీదే మీ ఎర్నెస్ట్ మనీ (కాంట్రాక్టప్పుడు కట్టిన బయానా) దక్కుతుందా లేదా అన్నది ఆధారపడుతుంది. ఆ రెండు కాగితాలూ మీ దగ్గరి లాయర్‌కు ఈ వారంలోనే చూపించండి.