ఆదివారాలు దండగేనా?

ప్రశ్న: మా అబ్బాయి సీఎస్ఈ మూడో సంవత్సరం. ప్రతి ఆదివారం నల్లచెరువులో ఒక స్వచ్ఛంద సంస్థ సెంటర్‌కి వెళ్లి కూలి పనులకు పోయే ఆడవాళ్లకు ఫోన్లు, కంప్యూటర్లు నేర్పుతున్నాడు. పైసా రాదు. వాడి ఫ్రెండ్స్ హైదరాబాద్ ఇన్‌స్టిట్యూట్ ఒకదానిలో ఆన్‌లైన్ ఏఐ కోర్సు చేరారు. ఫీజు 70 వేలు. ఇది మాన్పించి అందులో వేయమంటారా? రెండూ పోల్చి చెప్పండి. నేను మిర్చి యార్డులో గుమాస్తాను. తెలుగు టైపింగ్ కొత్త, మా వాడే నేర్పాడు, తప్పులుంటే మన్నించండి.
- ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తప్పులేం లేవు సార్, మీవాడు బాగానే నేర్పాడు. మీకు నేర్పితే మురిపెం, నల్లచెరువులో ఇంకొకరికి నేర్పితే దండగ. ఇదెక్కడి లెక్కండీ?

కోపం తెచ్చుకోకండి. ఈ ఉత్తరం నాకు ఏటా వస్తుంది. ఒక ఏడు ఎన్ఎస్ఎస్ మాన్పించాలా అంటారు, ఇంకో ఏడు క్రికెట్ మాన్పించాలా అంటారు. అందరి భయమూ ఒకటే: పక్కింటి పిల్లాడికి ఆఫర్ లెటర్ వచ్చి మావాడికి రాకపోతే? ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ వారానికి నాలుగు గంటలు పోయినంత మాత్రాన ఉద్యోగం పోదు. మిగతా ఆరు రోజుల సాయంత్రాలు వాడేం చేస్తున్నాడో మీరు ఒక్క ముక్కా రాయలేదు. నేను ముందు అడిగేది అదే.

ఇక ఏఐ కోర్సు. నా అనుమానాలు దాచుకోను. మూడు నెలల శని, ఆదివారాల్లో ఏఐకి పునాదైన మెషీన్ లెర్నింగ్ వచ్చేస్తుందని చెప్పేవాళ్లు దాని వెనకున్న లెక్కలు, అంటే మ్యాట్రిక్స్‌ల గురించి, ప్రాబబిలిటీ గురించి గట్టిగా మాట్లాడరు. అసలు కష్టం అక్కడుంది. ప్రాజెక్ట్ కూడా వాళ్లే ఇస్తారు: ఇళ్ల ధరలు అంచనా వేయడం, సినిమా రివ్యూ మంచిదో చెడ్డదో చెప్పడం. బ్యాచ్‌లో వంద మంది ఉంటే వంద రెజ్యూమేల్లోనూ అదే ప్రాజెక్ట్. ఫోన్లో 'ప్లేస్‌మెంట్ గ్యారంటీ' అంటారు, రసీదు వెనక చిన్న అక్షరాల్లో 'అసిస్టెన్స్', అంటే సాయం మాత్రమే, అని ఉంటుంది. ఐఐటీల ప్రొఫెసర్లు చెప్పే ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే ఫీజు. అందులో ఒక్క కోర్సు చివరిదాకా చూడమనండి. చూడగలిగితే 70 వేలు మిగిలినట్టు. మధ్యలో వదిలేశాడంటే ఆ 70 వేలూ పోయేవే.

కొందరు మంచి టీచర్లు ఉన్నారు, కాదనను. కానీ మీరు ఆ టీచర్ ఎవరో అడగలేదు, ఫ్రెండ్స్ చేరారనే అడుగుతున్నారు.

సెంటర్లో ఏం జరుగుతుందో మీరు ఎప్పుడైనా వెళ్లి చూశారా? నేను అలాంటి చోట ఒక పూట కూర్చున్నాను. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే ఆవిడ వేలు పెడితే ఆధార్ వేలిముద్ర మెషీన్ మూడుసార్లు వద్దంది. ఆ పని చేసే చేతుల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. ఓటీపీతో చేద్దామంటే ఆధార్‌కి ఇచ్చిన నంబరు కొడుకుది, ఆ కొడుకు లారీ మీద ఒంగోలు దాటాడు. నేర్పే కుర్రాడు తల పట్టుకున్నాడు. 'లాగిన్ పేజీ తయారు చేయడం' అనే పాఠం వాడికి ఆ పావుగంటలో ఎక్కినట్టు క్లాసులో ఎక్కదు. రేపు కంపెనీలో వాడు రాసే యాప్‌ని వాడేది ఆవిడే.

కేంద్రం 2017లో పీఎం దిశ అనే పథకం పెట్టి, పల్లెల్లో ఇంటికొకరి చొప్పున ఆరు కోట్ల మందికి 20 గంటల్లో ఫోన్, కంప్యూటర్ వాడకం నేర్పాలనుకుంది. ఇరవై గంటలు నేర్పడం వరకు బాగానే ఉంటుంది. తర్వాత యాప్ రంగు మారితే, బటన్ చోటు మారితే అడగడానికి మనిషి కావాలి. మన రాష్ట్రంలో 2025 జనవరి నుంచి 'మన మిత్ర' పేరుతో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకే వచ్చాయి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ తప్ప తెలియని వాళ్లకి అదీ ఒకరు చూపించాల్సిందే. డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి అని మీవాడు నలుగురికి చెప్పినా ఎవరో ఒకరి నెల కూలి మిగులుతుంది.

పోల్చమన్నారు కదా. వాలంటీరింగ్ ఉద్యోగాల ఎంపికలో ప్రోగ్రాం రాయించే కోడింగ్ రౌండ్ దాటించదు. ఇది మీవాడికి కూడా గట్టిగా చెప్పండి. నా దగ్గరకొచ్చిన ఒక కుర్రాడు ఇలాంటి సెంటర్లో పాత కంప్యూటర్లు పన్నెండింటికి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాడు. విండోస్ 10కి 2025 అక్టోబర్‌తో అప్‌డేట్లు ఆగాయి, కొత్తవి కొనే డబ్బు సంస్థకి లేదు. ప్రింటర్ ఒకటి మొండికేస్తే రెండు వారాలు దానితో కుస్తీ పట్టాడు. మొదటి కంపెనీలో కోడింగ్ రౌండ్‌లోనే పోయాడు. ప్రాక్టీస్ చేయలేదు, అంతే. రెండో చోట ఆ రౌండ్ గట్టెక్కాక ఇంటర్వ్యూలో సగం సేపు ఆ ప్రింటర్ గురించే అడిగారట. చెప్పడానికి వాడి దగ్గర నిజంగా జరిగిన సంగతి ఉంది.

కాబట్టి మాన్పించకండి. సెమిస్టర్ పరీక్షల ముందు రెండు వారాలు సెలవు అడగమనండి, రోజూ సాయంత్రం గంటన్నర కోడింగ్‌కి కూర్చోమనండి. ఆ సంస్థ సర్టిఫికెట్‌కి డబ్బులడిగినా, నేర్పే పని ఇవ్వకుండా బ్యానర్ పట్టించి ఫోటోలు తీస్తున్నా మాత్రం వెంటనే వచ్చేయమనండి. అలాంటివీ ఉన్నాయి.

70 వేలు కట్టాలనే ఉంటే ముందు ఇన్‌స్టిట్యూట్‌ని ఒకటి అడగండి: పోయిన బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమందికి ఏ కంపెనీలో, ఎంత జీతంతో వచ్చింది? నోటి మాట వద్దు, మెయిల్‌లో రాసిమ్మనండి. వాళ్లేం రాస్తారో నాకు కూడా పంపండి. టైపింగ్ ఎటూ వచ్చింది కదా.