బాంధవ్‌గఢ్ గుహల వయసు ఎలా తెలిసింది?

బాంధవ్‌గఢ్ కోట పరిసరాల్లోని గుహలు ఎంత పాతవో ఎలా తేల్చారని ఒకరు అడిగారు. మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్‌లో సమాధానం రాతి మీదే చెక్కి ఉంది. 1938 తర్వాత మళ్లీ 2022లో, పులుల అభయారణ్యంలో దాదాపు 170 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషించిన భారత పురావస్తు శాఖ 26 గుహలను, ప్రాచీన భారతీయ లిపి అయిన బ్రాహ్మీలో చెక్కిన 24 శాసనాలను నమోదు చేసింది. బ్రాహ్మీ అక్షరాల రూపం శతాబ్దానికో తీరుగా మారుతూ వచ్చింది కాబట్టి, దాన్ని బట్టీ, శాసనాల్లోని భీమసేన, పోఠసిరి వంటి రాజుల పేర్లను బట్టీ కాలాన్ని నిర్ణయిస్తారు. కౌశాంబి, మథుర వంటి ప్రాచీన నగరాల పేర్లూ వాటిలో ఉన్నాయి. నాకు మాత్రం అన్నిటికన్నా విలువైనవి గుహల్లోని రాతి పడకలు. గదిలో అరుగులా నిలిచిన ఆ రాయిని చూస్తే, అక్కడ మనుషులు నివసించారని శాసనం చదవకుండానే అర్థమవుతుంది.