అనంతపురంలో చిన్న హాల్లో లో-ఫై లైవ్ ఆల్బమ్ రికార్డు చేయాలంటే ఎలా?

గిటారు, డప్పు, ఇద్దరు పాడేవాళ్లు ఉన్న బృందానికి చేతిలో పట్టే స్టీరియో రికార్డరు ఒక్కటి చాలు. లో-ఫై అంటే స్టూడియో మెరుగులు లేని ముడి శబ్దం, కొంచెం గరగర ఉండొచ్చు, కానీ డప్పు దెబ్బకు శబ్దం పగిలిపోతే దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు.

ముందు హాలు చూడండి. కింద కడప బండలు, చుట్టూ నున్నటి గోడలు ఉంటే పాట మాటలు ప్రతిధ్వనిలో కలిసిపోతాయి. జంఖానాలు పరవండి, వెనక గోడకు దుప్పట్లు కట్టండి. జనం నిండితే సగం పని వాళ్లే చేస్తారు.

ఒకే రికార్డరు కాబట్టి మిక్సింగంతా, అంటే ఎవరి శబ్దం ఎంత వినిపించాలో సరిచూడటమంతా, మనుషుల్ని జరపడమే. పాడేవాళ్లు, గిటారు రికార్డరుకు మీటరు దూరంలో, డప్పు మూడు నాలుగు మీటర్లు వెనక, కాస్త పక్కకు తిప్పి. డప్పు కాచిన వెంటనే గట్టిగా మోగుతుంది, చల్లబడితే శ్రుతి దిగుతుంది. అందుకే కాచాకే రికార్డింగ్ లెవెల్ పెట్టండి: రికార్డరు తెర మీద గట్టి దెబ్బ మైనస్ 10 డెసిబెల్స్ దాటకూడదు (సున్నా దాటితే శబ్దం పగులుతుంది). ఫైలు ఫార్మాట్ 24 బిట్ వేవ్ (WAV).

రికార్డరు తనంతట తానే లెవెల్ మార్చే ఆటో లెవెల్‌ను కచ్చితంగా ఆపేయండి. లేదంటే ప్రతి దెబ్బకూ గొంతు మునిగి, మళ్లీ పైకి తేలుతుంది. వినడానికి మహా చిరాకు.

ఫ్యాన్లు ఆపాలి. రికార్డరును బ్యాటరీ మీదే నడపండి, ఛార్జరు పెడితే 50 హెర్ట్జ్ గుయ్యిమనే మోత ఎక్కవచ్చు. పాటల మధ్య దగ్గులు, చప్పట్లు కత్తిరించొద్దు.