ఏఐ వచ్చాక కంటిమీద కునుకు లేదు

ప్రశ్న: నా వయసు 43. 16 ఏళ్లుగా ఒకే కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. నెలాఖరు రిపోర్టుకు నాకు రెండు రోజులు పట్టేది. మూడు నెలల క్రితం పెట్టిన ఏఐ టూల్ దాన్ని అరగంటలో ఇచ్చేస్తోంది. అప్పట్నుంచీ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. నా భార్యకు చెప్పలేదు. పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను.

జవాబు: రెండు రోజుల పని కళ్లముందే అరగంటలో అయిపోతుంటే ఎవరికైనా గుండె జారుతుంది. ఉద్యోగానికి ఢోకా లేదని నేను హామీ ఇవ్వలేను. కానీ ఆ టూల్ తీసుకున్నది మీ పనిలో ఏ ముక్కో ఇప్పటిదాకా మీరు విడదీసి చూసుకోలేదు. భయం అక్కడే పెరుగుతోంది.

రెండు వారాలపాటు రోజూ సాయంత్రం పది నిమిషాలు కూర్చుని, ఆ రోజు చేసిన పనులు, పట్టిన సమయం రాయండి. ‘రిపోర్టు చేశాను’ అని రాస్తే లాభం లేదు. లెక్కలు తెప్పించడం, కూడటం, తేడా వెతకడం, మేనేజర్‌కు వివరించడం... ఇలా విడివిడిగా రాయాలి. ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కినట్టుందని టూల్ చూపించవచ్చు. సరుకు ఒకసారే వచ్చిందా అని గోడౌన్‌కు ఫోన్ చేసి తేల్చేది మాత్రం మీరే. అలాంటి పనులకు పక్కన టిక్ పెట్టండి.

ఆ టూల్‌కు దూరంగా ఉండకండి. రాతలో సాయం చేసే ఏఐ, ఒక్కో మాట తర్వాత రావాల్సిన మాటను అంచనా వేస్తూ పోతుంది. అందుకే తప్పు అంకెను కూడా ఒప్పు అంకెంత ధీమాగా చెబుతుంది. ప్రతి మొత్తాన్నీ లెడ్జర్‌తో సరిపోల్చి, దొరికిన తప్పులు తేదీతో సహా రాసిపెట్టుకోండి. కంపెనీ లెక్కలను మాత్రం సొంత ఖాతాలోని ఏ టూల్‌లోనూ పెట్టకండి. నెల తర్వాత ఆ కాగితంతో మేనేజర్ దగ్గరికి వెళ్లండి. ‘నా ఉద్యోగం ఉంటుందా?’ అని అడిగితే ఆయన దగ్గరా జవాబు ఉండకపోవచ్చు. ‘రిపోర్టు సరిచూసే బాధ్యత నాకు ఇస్తారా? శిక్షణ ఆఫీసు వేళల్లోనే ఉంటుందా?’ అని అడగండి.

మీ భార్యకు ఈ వారమే చెప్పండి. మీరు నిద్రపోవడం లేదని ఆమెకు ఇప్పటికే తెలిసి ఉంటుంది, కారణమే తెలియదు. తెలియనప్పుడు మనిషి అంతకంటే ఘోరమైనది ఊహించుకుంటారు. ఇద్దరూ కూర్చుని నెలకు తప్పనిసరి ఖర్చెంతో, చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలకు వస్తుందో లెక్కేయండి. మూడు నుంచి ఆరు నెలలకు సరిపడా కూడబెట్టడం లక్ష్యంగా పెట్టుకోండి. లెక్కలు మీకు చేతనైన విద్యే కదా!

దిగుళ్లన్నిటికీ సాయంత్రం 15 నిమిషాలు కేటాయించి కాగితం మీద పెట్టండి. రాత్రి మెలకువ వస్తే గడియారం చూడొద్దు. 20 నిమిషాలైందనిపించినా నిద్ర పట్టకపోతే లేచి, తక్కువ వెలుతురులో కూర్చోండి. ఆ వేళలో ఉద్యోగాల కోతల వార్తలు చదవడమంత చేటు ఇంకోటి లేదు. మూడు నెలలుగా ఇదే పరిస్థితి కాబట్టి సైకాలజిస్టును కలవడం వాయిదా వేయకండి. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పిల్లలకు ఈ రాత్రే ఒక మాట చెప్పండి: ‘ఆఫీసు టెన్షన్‌లో అరిచాను. తప్పు మీది కాదు’.